అప్‌డేట్ వేశాక కూడా పాత కెర్నలే నడుస్తుంటే

మీరు అడిగింది ఇదీ కదా: ఉబుంటు సర్వర్లో అప్‌డేట్లన్నీ వేసేశారు, అయినా సెక్యూరిటీ స్కానర్ మాత్రం కెర్నల్లో (హార్డ్‌వేర్‌కీ ప్రోగ్రాములకీ మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లోపం ఉందనే రిపోర్ట్ ఇస్తోంది, మెషీన్ రీబూట్ అయ్యి ఏడాది దాటింది, ఇప్పుడు ఆపాలంటే భయంగా ఉంది, లైవ్‌ప్యాచ్ (మెషీన్ ఆపకుండానే నడుస్తున్న కెర్నల్ని సరిచేసే సదుపాయం) పెట్టుకుంటే సరిపోదా అని. రీబూట్ చెయ్యండి, తప్పదు. లైవ్‌ప్యాచ్ మంచిదే, నేనూ వాడతా, కానీ రీబూట్‌కి బదులు కాదది. చాలా ఏళ్ళుగా లైనక్స్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నా కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా.

మామూలు ప్రోగ్రామ్‌కి అప్‌డేట్ వస్తే దాన్ని ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే చాలు. కెర్నల్ అట్లా కాదండి, బూట్ అయినప్పుడు మెమరీలోకి ఏది ఎక్కిందో మెషీన్ ఆపేదాకా అదే నడుస్తుంది. అప్‌డేట్ కొట్టినప్పుడు జరిగేదల్లా కొత్త కెర్నల్ ఫైల్ బూట్ డైరెక్టరీలోకి రావడం, గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు ఏ కెర్నల్ ఎక్కాలో ఎంచుకునే చోటు) అది మొదటికి రావడం, అంతే. కొత్త తాళం కొనుక్కొచ్చి బీరువాలో పెట్టి తలుపుకి పాత తాళమే ఉంచినట్టు. అందుకే ముందు యూనేమ్ మైనస్ ఆర్ (uname -r) కొట్టి ఇప్పుడు నడుస్తున్న వెర్షన్ ఏంటో చూడండి, బూట్ డైరెక్టరీలో ఉన్న కొత్త వెర్షన్‌తో పోల్చండి. ఉబుంటులో అయితే వార్ రన్ కింద రీబూట్ రిక్వైర్డ్ (/var/run/reboot-required) అనే ఫైల్ కూడా ఉంటుంది, అది కనిపిస్తే పని సగంలోనే ఉందని. రెడ్ హ్యాట్ వాళ్ళకైతే నీడ్స్ రీస్టార్టింగ్ మైనస్ ఆర్ (needs-restarting -r) అని ఒక కమాండ్ ఉంది.

ఇంకోటి, మీరు వాడింది ఏపీటీ అప్‌గ్రేడా, ఏపీటీ గెట్ అప్‌గ్రేడా? రెండోది కొత్త ప్యాకేజీలు ఏవీ అదనంగా వెయ్యదు, కొత్త కెర్నల్ అంటే కొత్త పేరున్న ప్యాకేజీ కదా, దాన్ని కెప్ట్ బ్యాక్ (వెయ్యకుండా ఆపి ఉంచాం) అని చూపించి వదిలేస్తుంది. ఆ లైన్ ఎవరూ చదవరు. అలా అయితే కొత్త కెర్నల్ అసలు డిస్క్ మీదకే వచ్చి ఉండదు, ఎన్నిసార్లు రీబూట్ చేసినా లాభం లేదు.

"మా సర్వర్లోకి బయటవాళ్ళు లాగిన్ అవ్వరు, కెర్నల్ లోపాలు ఎక్కువగా లోకల్ యూజర్ ఉంటేనే కదా" అనే మాట నేను పనిచేసిన ప్రతి టీమ్‌లోనూ విన్నా. ఇది ప్రమాదకరమైన ధైర్యం. మీ వెబ్ అప్లికేషన్లో చిన్న లోపం దొరికితే చాలు, వచ్చినవాడు ఆ వెబ్ సర్వర్ యూజర్‌గా లోపల ఉన్నట్టే, ఇక అక్కణ్ణుంచి రూట్ (మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) అవ్వడానికి వాడికి కావాల్సింది సరిగ్గా ఇలాంటి కెర్నల్ లోపమే. డర్టీ కౌ అనే కెర్నల్ లోపం గుర్తుందా, దాని సీవీఈ నంబర్ (బయటపడ్డ లోపాలకి ఇచ్చే గుర్తింపు నంబర్) సీవీఈ-2016-5195, అది 2007లో వచ్చిన 2.6.22 కెర్నల్ నుంచీ ఉంది, ఫిక్స్ అయింది 2016 అక్టోబర్లో. 2022లో బయటపడ్డ డర్టీ పైప్ అయితే 5.8 నుంచి ఉన్నది, చదవడానికి మాత్రమే పర్మిషన్ ఉన్న ఫైళ్ళలో కూడా సొంత డేటా రాసెయ్యనిచ్చేది. ఆ తర్వాత నెట్‌ఫిల్టర్ టేబుల్స్‌లో (కెర్నల్లో ఫైర్‌వాల్ పని చూసే భాగం) వచ్చిన సీవీఈ-2024-1086 చూడండి, 2024 జనవరిలో ఫిక్స్ వచ్చింది, మార్చిలో పనిచేసే ఎక్స్‌ప్లాయిట్ కోడ్ అందరికీ దొరికేలా బయటికొచ్చింది, మే నెలాఖరుకి అమెరికా ప్రభుత్వ సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీ దాన్ని నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో చేర్చింది. ప్యాచ్ వచ్చిందంటే రంధ్రం ఎక్కడుందో అందరికీ తెలిసిపోయినట్టే, ఆ రోజు నుంచి టైం మన చేతిలో ఉండదు.

కంటైనర్లలో (డాకర్ లాంటివి) నడుపుతున్నాం కాబట్టి పర్లేదు అనుకోకండి, కంటైనర్లన్నీ హోస్ట్ కెర్నల్‌నే పంచుకుంటాయి, ఇమేజ్ ఎంత కొత్తదైనా కింద పాత కెర్నల్ ఉంటే ఉన్నట్టే.

ఇక లైవ్‌ప్యాచ్. నడుస్తున్న కెర్నల్లో లోపం ఉన్న ఫంక్షన్ని పిలిచినప్పుడల్లా సరిచేసిన కొత్త ఫంక్షన్‌కి మళ్ళించడం దాని పని, ఈ సదుపాయం 2015లో 4.0తో అసలు కెర్నల్లోకే వచ్చింది. కానీ డేటా స్ట్రక్చర్లు మారే ఫిక్స్ అయితే ఇలా వెయ్యడం చాలా కష్టం, అందుకే ఇచ్చేవాళ్ళు కూడా ముఖ్యంగా తీవ్రమైనవాటికే ఇస్తారు, మిగతావన్నీ పోగవుతూ ఉంటాయి. 2018లో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం వచ్చినప్పుడు కెర్నల్లో పేజ్ టేబుల్స్ (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికలు) వ్యవహారమే మార్చాల్సి వచ్చింది, అక్కడ ఉబుంటు లైవ్‌ప్యాచ్ పనికి రాలేదు, రీబూటే చెయ్యాల్సి వచ్చింది. పైగా లైవ్‌ప్యాచ్ వేశాక కూడా యూనేమ్ పాత వెర్షనే చూపిస్తుంది, మీ స్కానర్ అదే చూస్తుంటే రిపోర్ట్ మారదు. నేనైతే దాన్ని మెయింటెనెన్స్ టైం దొరికేదాకా కాపలాగా మాత్రమే వాడతా.

మీ భయం సంగతి. అది అర్థం లేని భయం ఏం కాదు, నేను చూసినదాంట్లో ఎక్కువగా దెబ్బతినేది బయటినుంచి తెచ్చిన డ్రైవర్ల దగ్గర. మా దగ్గర ఒక మెషీన్‌కి నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్ డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లని దానికి తగ్గట్టు మళ్ళీ తయారుచేసే టూల్) ద్వారా బిల్డ్ అయ్యేది, దానికి కావాల్సిన కొత్త కెర్నల్ హెడర్స్ ప్యాకేజీ లేక మాడ్యూల్ (అంటే ఆ డ్రైవర్) బిల్డ్ అవ్వలేదు, రీబూట్ అయ్యాక మెషీన్ లేచింది కానీ నెట్‌వర్క్ లేదు. కన్సోల్ యాక్సెస్ ఉంది కాబట్టి గ్రబ్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోంచి పాత కెర్నల్‌తో బూట్ చేశాం, మామూలుగా పైకొచ్చింది, హెడర్స్ వేసి మాడ్యూల్ బిల్డ్ చేసి మళ్ళీ కొత్తదానికి వెళ్ళాం. కాబట్టి రీబూట్‌కి ముందు డీకేఎంఎస్ స్టేటస్ చూసి కొత్త వెర్షన్ ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూడండి, బూట్ పార్టిషన్ నిండిపోలేదు కదా చూడండి (నిండితే కొత్త కెర్నల్ సగం సగంగా దిగి ఆగిపోతుంది), కన్సోల్‌లోకి లాగిన్ అవ్వగలుగుతున్నారో ముందే ఒకసారి నిజంగా ట్రై చెయ్యండి, బ్యాకప్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఏడాది దాటిన మెషీన్‌లో కెర్నల్ కంటే నన్ను భయపెట్టేది వేరే ఉంది, ఎవరో ఎప్పుడో చేత్తో స్టార్ట్ చేసి, బూట్‌లో తనంతట తానే లేచేలా ఎనేబుల్ చెయ్యని సర్వీసులు, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ అవ్వాలో రాసుకునే ఫైల్) రాయకుండా మౌంట్ చేసిన డిస్కులు. అందుకని మొదటిసారి గ్రబ్‌లో పాత కెర్నల్నే ఎంచుకుని రీబూట్ చేస్తా, ఏదైనా లేవకపోతే అది కెర్నల్ వల్ల కాదని ఖాయంగా తెలుస్తుంది, అవి సరిచేశాక కొత్తదాంతో. రెండు గొడవలు ఒకేసారి మీద పడవు.

రీబూట్‌కి వారాంతం దాకా ఆగాల్సి వస్తే, ఆ లోపు కొంత అడ్డుకోవచ్చు. పైన చెప్పిన నెట్‌ఫిల్టర్ లాంటి లోపాలు చాలావరకు మామూలు యూజర్ సొంతంగా యూజర్ నేమ్‌స్పేస్ (లోపల తానే రూట్ అయినట్టు ఉండే విడి వాతావరణం) తయారుచేసుకోగలగడం మీద ఆధారపడతాయి, ఉబుంటులో, డెబియన్లో సిస్‌కంట్రోల్‌తో (కెర్నల్ సెట్టింగులు మార్చే కమాండ్, sysctl) అది ఆపెయ్యొచ్చు, కాకపోతే రూట్ లేకుండా నడిపే కంటైనర్లు ఆగిపోతాయి, చూసుకుని చెయ్యండి.

రీబూట్ అయ్యాక కూడా స్కానర్ అదే పాట పాడితే కంగారు పడకండి, చాలా స్కానర్లు వెర్షన్ నంబర్ చూసి తేల్చేస్తాయి. డిస్ట్రోలేమో (ఉబుంటు, రెడ్ హ్యాట్ లాంటి లైనక్స్ రకాలు) నంబర్ మార్చకుండా ఫిక్స్ ఒక్కటే పాత కెర్నల్లోకి తెచ్చి వేస్తాయి, రెడ్ హ్యాట్ 8 మొదటినుంచీ 4.18 మీదే ఉంది, అలాగని ఫిక్సులు లేవని కాదు. ఆ సీవీఈ నంబర్ పట్టుకుని ఉబుంటు సెక్యూరిటీ పేజీలో మీ రిలీజ్‌కి ఏ ప్యాకేజీ వెర్షన్లో ఫిక్స్ అయిందో చూడండి, మీ దగ్గర నడిచేది అదో దానికంటే కొత్తదో అయితే ఆ ఎంట్రీని ఆధారంతో సహా మూసెయ్యొచ్చు. ఇంకా డిస్క్ మీద మిగిలిపోయిన పాత కెర్నల్ ప్యాకేజీల్ని లెక్కేసి అరిచే స్కానర్లు కూడా ఉన్నాయి, ఏపీటీ ఆటోరిమూవ్ కొడితే అవి పోతాయి, వెనక్కి వెళ్ళడానికి ఒక పాతది అదే ఉంచుతుంది.

యూనేమ్ అవుట్‌పుట్, డీకేఎంఎస్ స్టేటస్, స్కానర్ చూపిస్తున్న సీవీఈ నంబర్ ఈ మూడూ పెట్టండి, మీ కేసులో ఏది అడ్డం వస్తోందో చూసి చెప్తా.