రేటు అడగ్గానే చెప్పెయ్యకు

నాన్నా చిన్నీ,

గ్రీన్ కార్డు వచ్చిందనీ, ఇక పాత ఎంప్లాయర్ని వదిలేసి సొంతంగా కాంట్రాక్టులు చేస్తావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అయితే హెచ్-1బీలో ఉన్నన్నాళ్లూ నీ బేరం వాళ్లే ఆడారు. ఇప్పుడు నువ్వే ఆడాలి. మన ఇళ్లలో ఆడపిల్లకి చీరల కొట్లో తప్ప బేరం నేర్పరు కదా, అందుకే రాస్తున్నా.

రిక్రూటర్ నీ పేరైనా సరిగ్గా పలక్కముందే "రేటెంత?" అంటాడు. 2009లో నేను ఇండియన్ స్టోర్ బయట కార్లో, ఒళ్లో గోంగూర కట్టలు పెట్టుకుని, ఠక్కున "యాభై" అన్నాను. అవతలి అబ్బాయి అంతకంటే ఠక్కున "డన్" అన్నాడు. నా గుండె అప్పుడే జారింది. ఏడు నెలలయ్యాక క్లయింట్ మేనేజరు మాటల మధ్యలో నోరుజారాడు: నా గంటకి వాళ్లు 88 డాలర్లు కడుతున్నారు! మధ్యలో ఇద్దరు వెండర్లు, అంటే దళారీ కంపెనీలు.

కాబట్టి ముందు నువ్వే అడుగు. మీ బడ్జెట్ ఎంత? డబ్ల్యూ2నా (వాళ్ల ఉద్యోగిగా పన్ను కోసి ఇచ్చే జీతమా), సీ2సీనా (నీ సొంత కంపెనీ పేరుతో బిల్లు వెయ్యడమా)? మీకూ క్లయింటుకీ మధ్య ఇంకెవరైనా ఉన్నారా? బడ్జెట్ చెప్పనంటే ఒక అంకె చెప్పి ఊరుకో. ఆ నిశ్శబ్దంలో "కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదండీ" అన్నావో, అయిపోయావు.

ఆ అంకె ముందే లెక్కేసుకో. గంటకి 60 అంటే వెంటనే 2,080 గంటలతో గుణించి 1,24,800 అని మురిసిపోతాం. పండగ సెలవులు 11, నీ సొంత సెలవులు పది తీసెయ్. రెండు ప్రాజెక్టుల మధ్య ఒక నెల ఖాళీ వేసుకో. మిగిలేది దాదాపు 1,750 గంటలు, అంటే లక్షా ఐదు వేలు. సీ2సీ అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లలో ఎంప్లాయర్ కట్టే 7.65 శాతం కూడా నీ నెత్తినే పడుతుంది. హెల్త్ ఇన్సూరెన్సూ నీదే, అకౌంటెంట్ ఫీజూ నీదే. డబ్ల్యూ2లో 60 చాలనుకుంటే సీ2సీలో 70కి తగ్గకు.

ఒప్పుకున్న రేటు, క్లయింట్ పేరు ఆర్టీఆర్ (నీ రెజ్యూమె క్లయింటుకి పంపడానికి వెండర్‌కి నువ్విచ్చే అనుమతి) మెయిల్లో ఉండాలి. ఒకే పొజిషన్‌కి ఇద్దరికి ఆర్టీఆర్ ఇచ్చావంటే చాలా చోట్ల రెంటికీ చెడ్డట్టే. పేమెంట్ నెట్ 30నా, 60నా, అంటే ఇన్వాయిస్ పంపాక ఎన్ని రోజులకి కడతారో కూడా చూసుకో. నెట్ 60 అయితే జనవరి చివర్లో ఇన్వాయిస్ పంపితే డబ్బులు ఏప్రిల్ మొదట్లో గానీ రావు. ఈలోగా ఇంటద్దె ఆగదు.

రేటు పెంచమని అడగడానికి కాంట్రాక్టు ఎక్స్‌టెన్షన్ సమయమే మంచిది. గడువుకి నెల ముందే కదుపు, చివరి వారంలో కాదు.

ఇంకోటి. ఫోన్ చేసే పిల్లల్లో చాలామంది హైదరాబాద్‌లో అర్ధరాత్రి కూర్చుని మాట్లాడుతుంటారు. నెత్తిన టార్గెట్లు. తెలుగు వినగానే మెత్తబడి "సరే బాబూ" అనెయ్యకు, అలాగని కసురుకోకు కూడా. ఆ 88లో వాళ్లకి దక్కేది చిల్లరే.

మొదటి ఆర్టీఆర్ రాగానే సంతకం పెట్టకుండా నాకు ఫార్వర్డ్ చెయ్. శనివారం పొద్దున ఖాళీయే.

మీ పెద్దమ్మ