విదేశీ స్ట్రైకర్ మొదట్లో గోల్స్ చేయలేకపోతే విఫలమైనట్టేనా?

కాదు, ఫుట్‌బాల్‌లో వేరే దేశపు లీగ్ నుంచి వచ్చిన స్ట్రైకర్‌ను, అంటే గోల్స్ చేయడమే ప్రధాన పనిగా ముందు వరుసలో ఆడే ఆటగాణ్ణి, మొదటి కొద్ది మ్యాచ్‌ల గోల్స్ లెక్కతోనే తేల్చేయడం తొందరపాటు, కనీసం ఒక సీజన్ ఆట చూశాకే అతనిపై తీర్పు చెప్పడం న్యాయం.

గోల్ చేయడం స్ట్రైకర్ ఒక్కడి నైపుణ్యం మీదే ఆధారపడదు. సహచరుడు బంతిని ఏ క్షణంలో, ఎటువైపు అందిస్తాడో ముందే పసిగట్టి అతను పరుగు మొదలుపెట్టాలి, ఆ అవగాహన కలిసి ఆడగా ఆడగా మాత్రమే కుదురుతుంది. ఆట వేగం, డిఫెండర్ల ఒత్తిడి, రిఫరీలు ఫౌల్ ఇచ్చే తీరు కూడా లీగ్‌కూ లీగ్‌కూ మారుతాయి. భాష రాకపోవడం వీటన్నిటినీ మరింత కష్టం చేస్తుంది.

1999లో ఇటలీలోని యువెంటస్ క్లబ్ నుంచి ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్ క్లబ్‌కు వచ్చిన ఫ్రెంచ్ ఆటగాడు థియరీ హెన్రీ మొదటి 8 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా చేయలేదు. యువెంటస్‌లో ఎక్కువగా మైదానం అంచున ఆడిన అతన్ని ఆర్సెనల్ కోచ్ ఆర్సేన్ వెంగర్ స్ట్రైకర్‌గా ముందు వరుస మధ్యలోకి మార్చడంతో ఆ స్థానానికీ అతను అలవాటు పడవలసి వచ్చింది. ఆ సీజన్ ముగిసేసరికి అతని గోల్స్ 26. చివరకు 228 గోల్స్‌తో క్లబ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు.

భారీ ధర పెట్టి కొన్నారు కనుక ఫలితం వెంటనే రావాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. ఆ ధర అతని సామర్థ్యానికి కట్టినదే తప్ప, కొత్త జట్టుతో ఇంకా ఏర్పడని అవగాహనకు కట్టినది కాదు.