జీఎన్‌ఎం చేసిన చెల్లె జర్మనీ పోతే మన సర్టిఫికెట్ చెల్లుతుందా?

అన్నా, మీరు అడిగింది ఇది: మీ చెల్లె నల్లగొండలో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తోంది, ఏజెంటేమో "జర్మనీలో డైరెక్ట్ నర్సు పోస్టు, మన సర్టిఫికెట్ అట్లనే చెల్లుతుంది" అంటున్నాడు, నమ్మొచ్చా అని. నేనూ దేవరకొండ దిక్కు పిల్లనే, జీఎన్‌ఎం చేసే వచ్చాను, ఇప్పుడు ఇక్కడ జర్మనీలో లైసెన్సు ఉన్న నర్సును. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. డైరెక్ట్ అన్న మాట నమ్మకండి. అట్లాగని సర్టిఫికెట్ పనికిరాదనీ కాదు. చెల్లుతుంది, కానీ చాలామందికి సగం మాత్రమే, మిగతా సగం ఇక్కడికి వచ్చాక సంపాదించుకోవాలి. దాన్ని ఏజెంట్లు చెప్పరు, చెప్తే ఎవరు డబ్బు కడతారు?

ఎందుకు సగం అంటే, ఇక్కడ నర్సు పని చట్టం ప్రకారం లైసెన్సు ఉంటేనే చేయాలి. బయట చదివినవాళ్ళ చదువును పోల్చి చూడాలని 2012లో ఒక చట్టం తెచ్చారు. 2020 నుంచి అమల్లో ఉన్న నర్సింగ్ చట్టం ప్రకారం ఇక్కడ నర్సింగ్ చదివే పిల్లలు మూడేళ్ళలో 4600 గంటలు చదవాలి, అందులో 2100 తరగతిలో, 2500 వార్డుల్లో. మీ చెల్లె ఫైలు పట్టుకున్న ఆఫీసు వాళ్ళు ఆమెను చూడరు, ఆమె చెయ్యి ఎంత సులువో చూడరు. ఈ గంటల పక్కన ఆమె చదివిన గంటలు పెట్టి, ఏ సబ్జెక్టులో ఎంత తక్కువ పడిందో చూస్తారు, అంతే. తక్కువ పడితే ఏమేం లోటో రాసి ఒక నోటీసు పంపుతారు. మనవాళ్ళలో చాలామంది అది చూసి రిజెక్ట్ అయిందని ఏడుస్తారు. అది రిజెక్ట్ కాదు, ఇంకా ఏం చేస్తే లైసెన్సు ఇస్తారో చెప్పే కాగితం అది.

నా నోటీసులో ముసలివాళ్ళ సంరక్షణ, ఇంటికి వెళ్ళి చేసే నర్సింగ్, రీహాబిలిటేషన్ తక్కువ అని వచ్చింది. నిజమే, మనకు ముసలివాళ్ళ వార్డు అని విడిగా ఎక్కడుంది? ప్రసవాల పోస్టింగ్‌లో రాత్రుళ్ళు నిలబడి నేర్చుకున్నదంతా మాత్రం నాకు అక్కరకు రాలేదు, ఎందుకంటే మన జీఎన్‌ఎంకు నర్సు, మిడ్‌వైఫ్ రెండు రిజిస్ట్రేషన్లు ఉంటే ఇక్కడ మంత్రసాని పని పూర్తిగా వేరే వృత్తి, దానికి వేరే చదువు, వేరే లైసెన్సు.

ఆ లోటు పూడ్చుకోవడానికి రెండు దారులు. ఒకటి కోర్సు, ఆసుపత్రిలో పని చేస్తూనే నెలల తరబడి నేర్చుకోవడం, చివర్లో ఒక ఇంటర్వ్యూ లాంటిది. రెండోది పరీక్ష, నోటి పరీక్షా ప్రాక్టికలూ, ఒక్కో భాగం తప్పితే మళ్ళీ రాసేది ఒక్కసారే. పరీక్ష తొందరగా అయిపోతుందని అందరూ అటు ఉరుకుతారు. నా మాట వింటే కోర్సే తీసుకోమనండి. జర్మన్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు బెడ్డు పక్కన పేషెంటు, వెనుక పరీక్ష పెట్టేవాళ్ళు, ఆ టెన్షన్‌లో వచ్చిన ముక్కలు కూడా మర్చిపోతాం. 2024 నుంచి కాగితాల పోలిక మాకొద్దు, నేరుగా పరీక్షకో కోర్సుకో వెళ్తాం అనే వీలు కూడా పెట్టారు. కాగితాలు దొరకని వాళ్ళకు అది మేలే, కానీ కాగితాలు బలంగా ఉన్నవాళ్ళు దాన్ని ఎంచుకోవడం నాకు నచ్చదు, ఉన్న గంటలు ఊరికే వదులుకున్నట్టు.

లైసెన్సు వచ్చేదాకా హోదా హెల్పరే, జీతం నెలకు కొన్ని వందల యూరోలు తక్కువ. ఇది ఇంట్లో అమ్మానాన్నలకు ముందే చెప్పండి, అప్పు తెచ్చి పంపితే కిస్తీల లెక్క ఆ జీతం మీదే వేసుకోవాలి. ఇంకోటి, మన దగ్గర ఐసీయూలో వెంటిలేటర్ చూసుకున్న అమ్మాయి ఇక్కడ పొద్దున్నే ఒక పెద్దాయనకు ఒళ్ళు తుడవాలి. మన దగ్గర ఆ పని ఆయాలు చేస్తారు, లేకపోతే పేషెంటు కోడలో కూతురో చేస్తుంది. ఇక్కడ అది నర్సు పనిలో అసలు భాగం. ముందు ముఖం, అదీ సబ్బు లేకుండా, తర్వాత చేతులు, కింది భాగానికి వేరే గుడ్డ, ప్రతిసారీ "ఇప్పుడు మీ ఎడమ చెయ్యి తుడుస్తున్నాను" అని ముందు చెప్పాలి, అది చేస్తూనే చర్మం ఎక్కడైనా కమిలిందా అని చూడాలి. నాకు నేర్పిన సీనియర్ నేను ఇంజెక్షన్ ఎట్లా ఇస్తున్నానో పెద్దగా పట్టించుకోలేదు, ఈ తుడవడమే నిలబడి చూసింది. "నర్సు చదివి ఇదా" అని మనసులో ఉన్నవాళ్ళకు ఇక్కడ కష్టం.

ఇప్పుడు అసలు పని, చెల్లె హైదరాబాద్‌లో ఉండగానే చేయాల్సింది. కాలేజీకి వెళ్ళి మార్కుల మెమో ఒక్కటే కాదు, సబ్జెక్టువారీగా ఎన్ని గంటల థియరీ, ఏ వార్డులో ఎన్ని గంటల పోస్టింగ్ అని సంతకం, స్టాంపు ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోమనండి. మా కాలేజీ క్లర్కు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పి తిప్పి చివరికి గంటలు లేని కాగితం చేతిలో పెట్టాడు, అక్కడే కూర్చుని గంటలు వేయించుకునే లేచాను. ఇక్కడికొచ్చాక ఫోన్లో ఆ పని చేయించుకోవడం దేవుడి వల్ల కూడా కాదు. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా అంతే. చేసిన ఉద్యోగాన్ని కూడా లెక్కలోకి తీసుకుని లోటు తగ్గించాలని వీళ్ళ చట్టంలోనే ఉంది. కానీ మన ఆసుపత్రుల లెటర్లో ఏముంటుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా స్టాఫ్ నర్సుగా చేసింది, ప్రవర్తన సంతృప్తికరం, ఆమె భవిష్యత్తు బాగుండాలి. దాంతో ఒక్క గంట కూడా తగ్గదు. ఏ విభాగం, వారానికి ఎన్ని గంటలు, ఏమేం పనులు చేసింది, అన్నీ రాయించాలి.

ఇది నర్సులకే కాదు. మా మేనబావది జడ్చర్ల, ఐటీఐ ఎలక్ట్రీషియన్. సౌదీలో ఏళ్ళ తరబడి ప్యానెల్ బోర్డులు బిగించాడు, కానీ ఇఖామాలో, అంటే అక్కడి నివాస కార్డులో, "ఆమిల్" అని ఉంది, అంటే లేబర్. కంపెనీ లెటర్లోనూ అదే. బయటి దేశం ఆఫీసు కళ్ళకు అన్నేళ్ళూ ఆయన సిమెంటు మోసినట్టే లెక్క. ఇప్పుడు సౌదీ వాళ్ళే ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు పంపేముందు ఇండియాలోనే స్కిల్ టెస్ట్ పెడుతున్నారు, పాసైతే సర్టిఫికెట్ ఇస్తున్నారు. గల్ఫ్ పోయే తమ్ముళ్ళు దాన్ని తలనొప్పి అనుకుంటారు గానీ, చేతి పనికి దొరికే మొదటి కాగితం చాలామందికి అదే. పాలమూరు మేస్త్రీలు దేశమంతా డ్యాములు కట్టారు, మన సాగర్ కూడా. వాళ్ళలో ఎంతమందికి మేస్త్రీ అని రాసిన ఒక్క ముక్క కాగితం ఉంది?

సరే, ఏజెంటు సంగతి. మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది, ఆ పేరు అందులో లేకపోతే మాటలు అక్కడే ఆపేయండి. ఉన్నా, మన దేశ రూల్ ప్రకారం సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మీ ఏజెంటు లక్షల్లో అడుగుతున్నాడంటే మీకే అర్థం కావాలి. మన తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి పంపే ప్రోగ్రామ్ నడుపుతోంది, ముందు అక్కడ కనుక్కోండి. భాష మాత్రం తప్పదు, లైసెన్సుకు జర్మన్‌లో బీ2 స్థాయి కావాలి, ఇండియాలోనే దాని కింది మెట్టు బీ1 అయ్యాక బయలుదేరితే మంచిది. నైట్ డ్యూటీలు చేసుకుంటూ బీ2 దాకా లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఇండియాలో ఎంత నేర్చుకుంటే ఇక్కడ హెల్పర్ జీతంతో గడిపే నెలలు అంత తగ్గుతాయి.

విదేశాల్లో ఉన్నవాళ్ళ కోసమే బాన్‌లో ప్రభుత్వ సలహా కేంద్రం ఉంది, చదువు కాగితాలు ఎక్కడికి పంపాలో, ఏమేం జతచేయాలో చెప్తారు, డబ్బు తీసుకోరు, ఇంగ్లిష్‌లో మెయిల్ రాసినా పలుకుతారు. ఇక్కడ 16 రాష్ట్రాలు, ఒక్కో చోట ఒక్కో ఆఫీసు, అడిగే కాగితాలు కూడా కొంచెం కొంచెం తేడా. చెల్లెకు ఏ రాష్ట్రం నుంచి ఆఫర్ వచ్చిందో కింద రాయండి, అక్కడ చేస్తున్న మనవాళ్ళెవరైనా ఉంటే అడిగి చెప్తాను. అప్పటిదాకా ఒరిజినల్స్ మాత్రం ఆ ఏజెంటు చేతికి ఇవ్వొద్దు.