‘డేటా ఎంట్రీయే కదా’ అనకండి

ప్రశ్న: మాది నరసరావుపేట. ఎంసీఏ చేసి, జిల్లా వ్యాధుల నిఘా విభాగంలో మూడేళ్ళు డేటా మేనేజర్‌గా పనిచేశాను. పెళ్ళయ్యాక అమెరికా వచ్చాను, షార్లెట్‌లో ఉంటున్నాం. గ్రీన్‌కార్డు ఉంది. సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) వారి పబ్లిక్ హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ప్రజారోగ్య సమాచారాన్ని కంప్యూటర్లతో సేకరించి వాడే పని) ఫెలోషిప్‌కి దరఖాస్తు చేద్దామంటే మావారు ‘అది డాక్టర్లకీ పీహెచ్‌డీలకీ’ అంటున్నారు. నేను చేసింది ఫారాలు ఎక్కించడమే. నాకు అర్హత ఉందంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీవారి మాట పక్కన పెట్టండమ్మా. 1996లో మొదలైన ఈ ఫెలోషిప్ రెండేళ్ళు. జీతమిస్తూ పనిలోనే నేర్పిస్తారు. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, మాస్టర్స్ చాలు. అదీ ప్రజారోగ్యంలోనే ఉండాలని లేదు, కంప్యూటర్ సైన్స్ వాళ్ళనూ తీసుకుంటారు. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి మనవాళ్ళు చాలామంది ఆగిపోయే వీసా మెట్టు మీరు దాటేసినట్టే. అయినా పాత నోటీసు నమ్ముకోకుండా, ఈసారి నోటీసులో పౌరసత్వం పేరా, అనుభవం పేరా ముందు చదవండి.

ఎంసీఏ సర్టిఫికెట్ ఉన్నదున్నట్టు పంపితే పనికిరాదు. నాసెస్ (విదేశీ డిగ్రీలు అమెరికాలో దేనికి సమానమో తేల్చే సంస్థల సంఘం) సభ్య సంస్థ ఒకదానితో సబ్జెక్టులవారీగా ఇవాల్యుయేషన్ చేయించాలి. డిగ్రీ, ఎంసీఏ రెండిటి మార్కుల జాబితాలూ కలిపి ఇవ్వండి. ఒక్క ఎంసీఏవే ఇచ్చి చిక్కుల్లో పడినవాళ్ళను చూశాను.

అసలు సంగతి అనుభవం. నేనిక్కడ ఒక రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఇదే పనిలో ఉన్నాను. ఓసారి హెపటైటిస్-బి రిపోర్టుల్లో ఒకే మనిషికి మూడు రికార్డులు వచ్చాయి. ఒకదాంట్లో ఇంటిపేరు ముందుంది, ఒకదాంట్లో వెనకుంది. మూడోదాంట్లో ‘వెంకట’ ఒక గడిలో, ‘లక్ష్మి’ మరో గడిలో. కంప్యూటర్ ముగ్గురనే లెక్కేసింది. పుట్టినతేదీ ఒకటే కావడం చూసి నాకు అనుమానమొచ్చింది. మా టీమ్‌లో మిగతావాళ్ళకు రాలేదు, వాళ్ళ ఊళ్ళో ఇంటిపేరు ముందు రాయరు మరి!

మీరు చేసిందీ ఇలాంటి తేడాలు పట్టే పనే. వారం వారం ఏఎన్ఎంలు లక్షణాలను బట్టి నింపే ఎస్ ఫారం, డాక్టర్లు ఫలానా జబ్బని అనుమానించి నింపే పి ఫారం, ల్యాబ్‌లో తేలినవి రాసే ఎల్ ఫారం పక్కపక్కన పెట్టి చూసే ఉంటారు. పి ఫారంలో టైఫాయిడ్ కేసులు ఇరవై ఉండి ఎల్ ఫారంలో సున్నా ఉంటే పీహెచ్‌సీకి ఫోన్ చేసే ఉంటారు. 2021 ఏప్రిల్లో ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ వ్యాధుల నిఘా పోర్టల్ దేశమంతా వచ్చింది. అప్పటికి మీరు ఉద్యోగంలో ఉంటే, కాగితం నుంచి పోర్టల్‌కి మారేటప్పుడు ఏం తెగిందో, ఎలా అతికారో మీకు తెలుసు. దరఖాస్తుతో పంపే వ్యాసంలో రాయాల్సింది అదే. ‘చిన్నప్పటి నుంచి ప్రజాసేవ అంటే ఇష్టం’ అని మాత్రం మొదలుపెట్టకండి, చదివేవాళ్ళకు విసుగు.

రెజ్యూమెలో ‘డేటా ఎంట్రీ’ అన్న మాట కొట్టేయండి. ఎన్ని పీహెచ్‌సీల నుంచి ఫారాలు వచ్చేవి, ఎన్ని ఆలస్యమయ్యేవి, మీరు వచ్చాక ఎన్నయ్యాయి? గుర్తున్నంతవరకు అంకెలే వేయండి.

సిఫార్సు లేఖలకు మీ పాత సర్వేలెన్స్ ఆఫీసర్ గారికి ఇప్పుడే ఫోన్ చేయండి. రిటైరైనా ఫర్వాలేదు. ‘మంచి అమ్మాయి’ అని రాసిస్తే మాత్రం మొహమాటపడకుండా వెనక్కి పంపి, ఆ ఇరవై కేసుల కథ రాయమనండి.