విట్గెన్‌స్టైన్ రెండు పుస్తకాలు ఎందుకు పొసగవు?

తత్వవేత్త విట్గెన్‌స్టైన్ మొదటి పుస్తకం ‘ట్రాక్టేటస్‌’లో పేరుకు అర్థం అది సూచించే వస్తువేనని చదివాక, రెండో పుస్తకం ‘ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్‌’లో ఆయన ఆ మాటనే కాదనడం అయోమయంగా ఉందని మీరు రాశారు. మీరు పొరబడలేదండీ, ఆయన నిజంగానే అభిప్రాయం మార్చుకున్నారు. 1921లో వెలువడిన మొదటి పుస్తకంలో తీవ్రమైన తప్పులున్నాయని, 1945 జనవరి తేదీతో ఉన్న రెండో పుస్తకం ముందుమాటలో ఆయనే ఒప్పుకొన్నారు. కాబట్టి ముందుగా ఆ ముందుమాట చదవండి.

తర్వాత అదే పుస్తకంలో 2వ పేరా దగ్గర నిదానించండి. అక్కడ మేస్త్రీ ‘పలక’ అని కేక వేస్తే పనివాడు రాతి పలక తెచ్చి ఇస్తాడు. పలకను వేలితో చూపించి పేరు చెప్పినంత మాత్రాన ఆ మాట వచ్చినట్టు కాదు. కేక విన్నప్పుడు ఏం చేయాలో తెలిసి, ఆ పని చేయగలిగినప్పుడే వచ్చినట్టు. ఈ దృశ్యం మనసులో నిలిస్తే, పదానికి అర్థం భాషలో దాని వాడకమేనన్న 43వ పేరా సులువుగా అందుతుంది. అయితే అక్కడ ఆయన ‘చాలా సందర్భాల్లో, అన్నిటిలో కాకపోయినా’ అని హద్దు పెట్టారు. ఆ హద్దును వదిలేసి చదవడం వల్లే ఆయన పట్ల ఎక్కువ అపార్థాలు పుట్టాయని నా నమ్మకం.

ఇప్పుడు పేరుకు అర్థం వస్తువేనన్న ‘ట్రాక్టేటస్‌’ 3.203వ వాక్యానికి తిరిగి వెళ్లి, ఆ మేస్త్రీ కేకను దాని పక్కన పెట్టి చూడండి.