పాఠకుల ప్రశ్నలు: హ్యాగిస్ తినొచ్చా, ఇక్కడ వండొచ్చా?

ఈసారి ఉత్తరాలన్నీ స్కాట్లండ్ వంటకం హ్యాగిస్ మీదే వచ్చాయి. బరంపురం నుంచి జయపురం దాకా ఎవరి పిల్లో, అల్లుడో అటువైపు ఉన్నట్టున్నారు.

ప్రశ్న: మావాడు ఎడిన్‌బరోలో చదువుతున్నాడు. జనవరి 25న వాళ్ల హాస్టల్లో విందుకి హ్యాగిస్ పెడతారట. గొర్రె పొట్టలో ఏవేవో కూరి ఉడకబెడతారని విన్నప్పటి నుంచి వాళ్ల నాన్నమ్మకి ఒకటే బెంగ. తినొచ్చంటారా?
*ఓ పాఠకురాలు, రాయగడ*

జవాబు: ఆదివారం మటన్‌తో పాటు కార్జం, బోటి కొనే ఇంటికి ఈ బెంగ ఎందుకమ్మా! గొర్రె గుండె, కార్జం, ఊపిరితిత్తులు ఉడికించి, తరిగి, ఓట్స్ నూక, ఉల్లిపాయ, గట్టి కొవ్వు, మిరియాలు, జాజికాయ కలిపి పొట్టలో కూరితే హ్యాగిస్. పచ్చిమిర్చి, ఎండుమిర్చి ఉండవు. ఘాటంతా మిరియాలదే. పై తోలు తినక్కర్లేదు, కోసి లోపలిది గరిటెతో తీస్తారు.

నాన్నమ్మగారు అడగాల్సింది వేరే ఉంది. ఇప్పుడు కొట్లలో అమ్మే హ్యాగిస్‌లో చాలావాటికి పై తోలు గొర్రెది కాదు, ఎద్దు పేగుది గానీ కృత్రిమమైనది గానీ. కొవ్వు కూడా తరచుగా గొడ్డుదే. గొడ్డుమాంసం తినని పిల్లలు ‘గొర్రె వంటకమే కదా’ అని ధీమాగా తినేస్తారు. ప్యాకెట్ మీద ‘బీఫ్ సూయెట్’, ‘బీఫ్ ఫ్యాట్’, ‘ఆక్స్’ అన్న మాటలున్నాయేమో చూడమనండి. విందులో అయితే వండినవాళ్లనే అడగాలి. శాకాహార హ్యాగిస్ కూడా ఉంది. 1984లో ఎడిన్‌బరోలోని స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభానికి దాన్ని తయారుచేశారు. రాజ్మా, పప్పులు, ఓట్స్, క్యారెట్, గింజలతో చేస్తారు. మొహమాటపడక ముందే చెప్పి పెట్టించుకోవచ్చు.

జనవరి 25 స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు. హ్యాగిస్‌ని పొగుడుతూ ఆయన 1786లో అచ్చువేసిన పద్యం చదువుతారు. మూడో చరణం రాగానే కత్తి దించుతారు. వేడి కొవ్వు ఎగిరి పడుతుంది కాబట్టి మంచి చొక్కా వేసుకున్నవాళ్లు పళ్లేనికి ఎదురుగా కూర్చోకపోవడం మేలు. విస్కీ పోస్తారు. అక్కర్లేదంటే ఎవరూ బలవంతపెట్టరు.

ప్రశ్న: గ్లాస్గో మ్యూజియంలో హ్యాగిస్ జంతువు ఉందని మా తమ్ముడు ఫొటో పంపాడు. ఒక పక్క కాళ్లు పొట్టి, ఇంకో పక్క కాళ్లు పొడుగట. అందుకే కొండ చుట్టూ ఒకే దిక్కుకి పరిగెడుతుందట. నిజమేనా?
*ఓ పాఠకుడు, బరంపురం*

జవాబు: మ్యూజియం నిజం, జంతువు అబద్ధం. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంలో అలాంటి బొమ్మ ఉంది. కొత్తగా వచ్చినవాళ్లని ఆటపట్టించడానికి స్కాట్లండ్ వాళ్లు నవ్వకుండా చెప్పే కథ ఇది. మీ తమ్ముడు కూడా నవ్వకుండానే పంపి ఉంటాడు. మహేంద్రగిరి మీద జత చూశానని మీరూ తిరిగి రాయండి.

ప్రశ్న: మేకతో ఇక్కడే చేయొచ్చా? కొలతలు, జాగ్రత్తలు చెప్పండి.
*ఓ పాఠకుడు, పర్లాకిమిడి*

జవాబు: చేయొచ్చు. ముందురోజే మాంసం దుకాణంలో చెప్పి ఉంచండి. గుండె, కార్జం, ఊపిరితిత్తులు కలిపి కిలో, మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు 200 గ్రాములు కావాలి. మెత్తటి కొవ్వు తెస్తే నూకకి పట్టేలోపే కరిగి కారిపోతుంది.

తంటా అంతా ఊపిరితిత్తులతోనే. గాలిగొట్టంలోంచి నీళ్లు పోసి పిండుతూ, నెత్తుటి నురగ పోయేదాకా కడగాలి. లోపల గాలి ఉండటంతో ఉడికేటప్పుడు తేలతాయి. పైన పళ్లెం పెట్టి బరువు ఉంచండి. గొట్టాన్ని కోయకుండా గిన్నె అంచు మీదుగా బయటికి వేలాడదీస్తే మురికి దాన్లోంచి కారిపోతుంది, కింద చిన్న గిన్నె పెట్టుకోవాలి. కుక్కర్ వద్దు, నురగ పొంగి విజిల్ దారి మూసేయొచ్చు. గుండె, ఊపిరితిత్తులు గంటన్నర ఉడకాలి. కార్జాన్ని చివరి అరగంటలో వేస్తే చాలు, ఎక్కువైతే ఇసుకలా పొడి రాలుతుంది. ఉడికిన నీళ్లు పారబోయకండి.

ఓట్స్ నూక 300 గ్రాములు మూకుడులో నూనె లేకుండా దోరగా వేయించండి. ‘స్టీల్ కట్ ఓట్స్’ పేరుతో అమ్మేవే కావాలి. పొద్దున పాలల్లో వేసుకునే పలచటి ఓట్స్ వేస్తే మొత్తం జావ అవుతుంది. దొరక్కపోతే లావు గోధుమ రవ్వ నయం. చోడి పిండి మాత్రం వద్దు, అంబలి చేసుకున్నట్టే.

కార్జాన్ని తురిమి, మిగతావి సన్నగా తరిగి, కొవ్వు తురుము, మూడు ఉల్లిపాయల తరుగు, నూక కలపండి. మూడు టీ చెంచాల ఉప్పు, రెండు చెంచాల కచ్చాపచ్చా మిరియాలు, ఒకటి ధనియాల పొడి, అర చెంచా జాజికాయ పొడి పడాలి. లవంగం, చెక్క, అల్లంవెల్లుల్లి వేస్తే మంచి కూరే వస్తుంది గానీ అది హ్యాగిస్ కాదు. ఉడికిన నీళ్లు 400 మిల్లీలీటర్లు పోసి జారుగా కలపండి.

పొట్టని వేడినీళ్లలో ముంచి కత్తితో గీకాలి. మరిగే నీళ్లు పోస్తే లోపలి పొర బిగుసుకుని ఊడిరాదు. రాత్రంతా ఉప్పునీళ్లలో ఉంచి, మూడింట రెండు వంతులే నింపి, గాలి పోయేలా నొక్కి దారంతో కుట్టండి. నూక ఉబ్బుతుంది కాబట్టి నిండా కూరితే పగలడం ఖాయం. సన్నటి మంట మీద మూడు గంటలు ఉంచి, ఉబ్బినప్పుడల్లా సూదితో పొడవాలి. ఇంత ఓపిక లేకపోతే గిన్నెలో పెట్టి, గుడ్డ కట్టి, ఆవిరి కుడుములా రెండు గంటలు ఉడికించండి. తోలు లేకుండా గిన్నెలో చేసుకోవడం స్కాట్లండ్‌లోనూ ఉన్నదే, తప్పేం కాదు.

బంగాళాదుంప ముద్దతో పెట్టండి. దానికి తోడు వాళ్లు ఇంకో ముద్ద కూడా పెడతారు, అందుకు వాడే పసుపు రంగు దుంప ఇక్కడ దొరకదు. గుమ్మడి సరిపోతుంది, ముల్లంగి అయితే నీరు ఊరుతుంది. ఆ పూటే తినేయాలి.

ప్రశ్న: గ్లాస్గోలో హ్యాగిస్ పకోడీ అమ్ముతారట. మనవాళ్లు దేన్నీ వదలరా?
*ఓ పాఠకుడు, జయపురం*

జవాబు: వదలరు, వదలకపోవడమే మంచిదైంది. మొదటిసారి తినేవాళ్లకి మా సలహా ఇదే. శనగపిండి కరకర, లోపల మిరియాల ఘాటు, పక్కన పచ్చడి ఉంటే ఓట్స్ మెత్తదనం ఇబ్బంది పెట్టదు. ఇంట్లో చేస్తే హ్యాగిస్‌ని ఫ్రిజ్‌లో బాగా చల్లార్చి, నిమ్మకాయంత ఉండలు చేసి, చిక్కటి పిండిలో ముంచాలి. వేడిగా ఉండగా చేస్తే కొవ్వు కరిగి ఉండ నూనెలో విడిపోతుంది. లోపలిది ముందే ఉడికింది కాబట్టి పైన రంగు రాగానే తీసేయొచ్చు.

చిప్స్ కొట్లలో హ్యాగిస్‌కి పిండి పట్టించి వేయిస్తారు. ‘సప్పర్’ అంటే చిప్స్‌తో కలిపి ఇస్తారు. కొన్ని కొట్లలో గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అదీ అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: మా అల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. అసలైన హ్యాగిస్ అక్కడ దొరకదంటాడు. ఎందుకని?
*ఓ పాఠకుడు, బరంపురం*

జవాబు: పశువుల ఊపిరితిత్తుల్ని ఆహారంగా అమ్మకూడదని అమెరికాలో 1971లో నిషేధం పెట్టారు. అక్కడి తయారీదారులు అవి లేకుండా చేస్తారు. తినొచ్చు గానీ, ఆ తేలికదనం పోయి ముద్దగా, కార్జం వాసన ఎక్కువగా ఉంటుంది.

ప్రశ్న: అమ్మాయి సెలవులకి వస్తూ ఒకటి తెస్తానంటోంది. తెమ్మనమంటారా?
*ఓ పాఠకురాలు, గుణుపురం*

జవాబు: వద్దనండి. మాంసంతో చేసినవి దేశంలోకి తేవాలంటే అనుమతి ఉండాలి, డబ్బాలో ఉన్నదీ మాంసమే. ఓట్స్ నూక ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, అమ్మాయి వచ్చిన ఆదివారం పైన చెప్పినట్టు గిన్నెలో వండండి. ఉప్పు సరిపోయిందో లేదో తనే చెబుతుంది.