ఎం.ఎస్. వేరు, ఎల్ఎల్.ఎం. వేరు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర పల్లె. వరి సాగుతో పాటు రొయ్యల గుంటలు ఉన్నాయి. మా అమ్మాయి అయిదేళ్ల లా కోర్సులో నాలుగో సంవత్సరం చదువుతోంది. కోర్సు పూర్తి కాగానే ఎల్ఎల్.ఎం. (లాలో మాస్టర్స్ డిగ్రీ) కోసం లండన్‌కు గాని, అమెరికాకు గాని పంపాలనుకుంటున్నాము. 40 లక్షల దాకా అవుతుందని కన్సల్టెన్సీ వారు చెప్పారు. రోడ్డు పక్కనున్న కయ్యను తాకట్టు పెట్టడానికి సిద్ధంగా ఉన్నాము. మా అన్నగారి అబ్బాయి ఎం.ఎస్. చేసి డాలస్‌లో స్థిరపడ్డాడు. రెండు దేశాల్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: పోల్చి చెబుతాను గాని, అంతకుముందు మీ ఉత్తరంలో లేని సంగతి ఒకటి అడగాలి. మీ అన్నగారి అబ్బాయి ఏ ఊళ్లో ఉంటున్నాడో రాశారు, తాకట్టు పెట్టదలచిన కయ్య రోడ్డు పక్కనే ఉందని కూడా రాశారు. అమ్మాయికి చట్టంలో ఏ భాగం మీద మక్కువో మాత్రం ఎక్కడా రాయలేదు. ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల నుంచి ఇటువంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. తోటి పిల్లలంతా ఇంజనీరింగ్ చదివి విమానం ఎక్కుతుంటే లా చదివిన మన పిల్ల వెనుకబడిపోతుందేమోనన్న భయమే వాటన్నిటి అడుగునా ఉంటుంది. మీ అమ్మాయి వెనుకబడలేదు. ఆమె ఎంచుకున్న వృత్తి మరోలా నడుస్తుంది, అంతే.

కంప్యూటరు ప్రోగ్రాము హైదరాబాదులో రాసినా డాలస్‌లో రాసినా ఒకే తీరుగా పనిచేస్తుంది. చట్టానికి మాత్రం పొలిమేర ఉంటుంది. మన సాక్ష్య చట్టం, మన భూమి చట్టాలు ఎంత క్షుణ్ణంగా తెలిసినా పరాయి దేశపు కోర్టులో ఒక్క వాయిదా అడిగే హక్కు కూడా దానివల్ల రాదు. ఎల్ఎల్.ఎం. పట్టా దానంతట అది ఏ దేశంలోనూ వకీలుగా నిలబెట్టదు. ఈ ఒక్క ముక్క కన్సల్టెన్సీ వారు చెప్పి ఉంటే మీరు నాకు ఉత్తరం రాసే పనే ఉండేది కాదు.

ఇంగ్లాండు వెళ్లి చదివిన లాయరు అంటే మన వైపు ఇప్పటికీ ఒక గౌరవం ఉంది. దానికి కారణం మన టంగుటూరి ప్రకాశం పంతులు గారేనని నా అనుమానం. అయితే ఆయన ఎందుకు వెళ్లారో గుర్తు చేసుకోవాలి. ఆయన సెకండ్ గ్రేడ్ ప్లీడరు, అంటే కింది కోర్టుల్లో మాత్రమే వాదించే వకీలు. అటువంటి వారికి ఆనాడు మద్రాసు హైకోర్టులో వాదించే అర్హత లేదు. రాజమండ్రిలో పేరు, రాబడి సంపాదించిన తరువాత 1904లో ఆయన ఇంగ్లాండు వెళ్లి బారిస్టరై 1907లో తిరిగి వచ్చారు. మూసి ఉన్న తలుపు ఏదో తెలిసి, దాని తాళంచెవి కోసం వెళ్లారు. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం తరువాత మన దేశంలో ఆ గ్రేడులు లేవు. మీ అమ్మాయి ఇక్కడే ఎన్‌రోల్‌మెంట్ (వకీలుగా నమోదు) పొంది ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కితే, నెల్లూరు కోర్టు మొదలుకొని సుప్రీంకోర్టు వరకు ఎక్కడైనా వాదించవచ్చు. ఆమె ముందు మూసి ఉన్న తలుపేదో చెప్పకుండా తాళంచెవికి 40 లక్షలు పెడతామంటున్నారు మీరు.

ఇక మీరడిగిన పోలిక. ఇంగ్లాండులో సొలిసిటర్ (అక్కడి వకీళ్లలో ఒక తరగతి) కావడానికి 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష ఉంది, దానికి ఎల్ఎల్.ఎం. అవసరమే లేదు. చదువు ముగిశాక అక్కడ ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువును, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునేవారికి, రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తున్నారు. అమెరికాలో న్యూయార్క్, కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు విదేశీ లా పట్టభద్రులలో అర్హత ఉన్నవారిని వకీలు కావడానికి రాయవలసిన బార్ పరీక్షకు అనుమతిస్తాయి. చాలా రాష్ట్రాల్లో అంత వెసులుబాటు లేదు. మీ అన్నగారి అబ్బాయి వంటి వారికి చదువయ్యాక మూడేళ్ల దాకా పనిచేసుకునే వీలు దొరకడానికి కారణం సైన్సు, ఇంజనీరింగ్ కోర్సులకు ఇచ్చే అదనపు గడువు. లాకు అది వర్తించదు కనుక మీ అమ్మాయికి దొరికేది ఒక్క ఏడాదే. ఆ ఏడాదిలోనే బార్ పరీక్ష రాయాలి, ఫలితం కోసం ఎదురుచూడాలి, ఉద్యోగమూ వెతుక్కోవాలి. పెద్ద సంస్థలు మూడేళ్ల జె.డి. (అక్కడి లా డిగ్రీ) చదివిన స్థానికులను కాదని ఒక ఏడాది ఎల్ఎల్.ఎం. చేసిన వారిని ఎందుకు తీసుకోవాలి? తీసుకున్న సందర్భాలు లేకపోలేదు, కాని వాటిని నమ్మి కయ్య తాకట్టు పెట్టమని నేను చెప్పలేను.

కొంచెం కటువుగా చెబుతున్నాను, మన్నించండి. రొయ్యపిల్లను గుంటలో వదిలే ముందు నీళ్ల ఉప్పదనం చూస్తారు, సీడ్‌ను పరీక్షకు పంపుతారు, మేత లెక్క వేసుకుంటారు. కూతురి చదువు దగ్గరకు వచ్చేసరికి కన్సల్టెన్సీ వారి రంగుల పుస్తకం ఒక్కటే చాలిందా? అప్పు తీర్చవలసిన భారం ఆమె మీద పడుతుంది. జూనియర్‌గా మొదటి రెండు మూడేళ్లు మన కోర్టుల్లో వచ్చేది బస్సు ఛార్జీలకు, పుస్తకాలకు సరిపోతే గొప్ప. ఆ రాబడితో వడ్డీ కట్టలేక, ఇష్టమైన ప్రాక్టీసు వదులుకుని ఏదో ఒక ఆఫీసులో చేరిపోయిన పిల్లలను నేను చూశాను.

విదేశీ చదువు వద్దని నేను అనడం లేదు. ముందు రెండు మూడేళ్లు పని చేయనివ్వండి. ఇంగ్లాండులో ఏడాది మాస్టర్సుకు ఖర్చంతా భరించే చీవెనింగ్ స్కాలర్‌షిప్ కనీసం రెండేళ్ల, అంటే 2,800 గంటల, పని అనుభవం అడుగుతుంది. అమెరికాకు పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ మూడేళ్లు అడుగుతుంది. కోర్సు ముగిసిన మరునాడే పంపితే ఈ రెంటికీ ఆమె అర్హురాలు కాదు. ఆమెకు జడ్జి కావాలన్న కోరిక ఉంటే అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు ఇచ్చింది. పరాయి దేశంలో క్లాసులో కూర్చున్న ఏడాది ఆ లెక్కలోకి రాదు.

ఒక దారి మాత్రం మీ గుంట గట్టు మీదే ఉంది. మన రొయ్యల మీద అమెరికా 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవకగా అమ్ముతున్నారంటూ వేసే పన్ను) వేస్తోంది. ఆ సుంకం పెరిగితే మీ కౌంటు ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధర) పడిపోతుంది. దాని మీద వాదనలు వాషింగ్టన్‌లో జరుగుతాయి, వాటికి అంతర్జాతీయ వాణిజ్య చట్టం తెలిసినవారు కావాలి. కృష్ణపట్నం రేవులో సరుకు దిగే దగ్గర తగాదా వస్తే సముద్ర రవాణా చట్టం, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) తెలిసినవారు కావాలి. ఇటువంటి విషయాలకు లండన్, సింగపూర్ విశ్వవిద్యాలయాల్లో మంచి చదువు ఉంది. అక్కడ నేర్చుకున్నది ఇక్కడికి తిరిగి వచ్చినా పనికి వస్తుంది. అమ్మాయి మనసు అటు ఉంటే, వచ్చే సెలవుల్లో ఎగుమతి వ్యవహారాలు చూసే ఒక లాయరు దగ్గర నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి. అటు లేకపోతే, ఏ విషయం మీద ఉందో ఆమే చెప్పాలి.

అంతవరకు కయ్య దస్తావేజులు బీరువాలోనే ఉండనివ్వండి. తరువాతి ఉత్తరం అమ్మాయి చేత రాయించండి.